పొయ్యి యెక్కని పాయసము

చైత్రము ప్రవేశించుటతోడనే గుంటూరు, ప్రకాశము సీమలలో ఎండ ముదురును. పత్తి తీసిన నల్లరేగడి చేలు నెఱ్ఱెలు విచ్చును. కల్లములలో మిరపకాయలు ఎఱ్ఱని కంబళ్లు పఱచినట్లుండును. మధ్యాహ్నము గాలి వీచినచో ఘాటును దుమ్మును ఒక్కసారిగా కండ్లలోనికి వచ్చును. ఇట్టి దినములలో ఇంటివారందఱిలో ఎక్కువ వేడిని భరించునది ఎవ్వరు? అంగడిలో కూర్చున్నవారికి పంకా యుండును. బాటను పోవువారు చెట్టునీడ చూచుకొందురు. వంటయింటిలో పంకా వేసినచో మంట నిలువదని దానిని ఆపి, పొయ్యికెదురుగ నిలుచునది గృహిణియే. ఆమె మిరపకోతకు పోవు స్త్రీ యయినచో పొలములోని వేడియు, పొయ్యివేడియు రెండును ఆమె పాలిటివే.

ఇది చులకనగ తలపదగిన మాట కాదు. 2015వ సంవత్సరము మే నెలలో వడగాడ్పులు వీచినపుడు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అందు మిక్కిలి నష్టపడిన జిల్లాలలో ప్రకాశ మొకటి. వేసవియందు పొయ్యికడ నిలుచు కాలమును ఒక గంట తగ్గించుకొనగల ఉపాయ మేదియైనను ఇల్లాలికి మేలే. అట్లని పిల్లలు సాయంకాలము తీపివస్తువు కావలెనని అడుగుట మానరు గదా! కావున అగ్ని ముట్టని తీపివస్తువొకదానిని గూర్చి ఈ నెల మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

దీనిని ఇప్పటి యువతులు “చియా పుడ్డింగు” అందురు. పేరు పరదేశపుదే గాని, పొయ్యి వెలిగింపని వంట మన కేమియు క్రొత్త కాదు. శ్రీరామనవమినాడు మన మిండ్లలో చేయు పానకమునకును, వడపప్పునకును, పచ్చి చలిమిడికిని నిప్పుతో పనియేమి? గుంటూరు జిల్లాలోని మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామికి నిత్యము నివేదించునది బెల్లపు పానకమే. స్వామి సగము స్వీకరించి సగము భక్తులకు విడుచునని ప్రజల విశ్వాసము. మండువేసవి మొదలగు సమయమున నానిన పెసరపప్పును, మిరియము వేసిన బెల్లపునీరును ప్రసాదముగ నేర్పఱచిన పెద్దలు ఋతువు నెఱుగనివారు కారు. నానుట, ఉబ్బుట, చల్లబడుట యను మూడు పనులును నీరే చేయును. మనము చేయవలసినది వేచియుండుట. ఈ పుడ్డింగు రహస్యమును అంతియే.

మేమెఱిగిన యొక యింట దీనిని మొదట చేసిననాడు జరిగిన సంభాషణ మిట్లున్నది.

“ఏమిటే అమ్మాయ్, పాలల్లో ఆ నల్లగింజలు? చీమలు పడ్డాయేమో చూడు!”

“చీమలు కావు అత్తయ్యా, చియా గింజలు. రేపు ప్రొద్దుటికి పాయసమవుతుంది. పొయ్యి ముట్టించే పనే లేదు.”

“ముట్టించకుండా పాయసమేమిటి? ఇవి మన సబ్జా గింజల్లాగే ఉన్నాయిగా. వీటికి ఇంత డబ్బు పోసి కొన్నావా?”

అత్తగారి ప్రశ్నయందు న్యాయము కలదు. దానికి ఉత్తరము చెప్పిన పిదపనే చేయు విధమునకు పోయెదము.

చియా యనునది మెక్సికో, గ్వాటిమాలా దేశములకు చెందిన మొక్క. స్పెయినువారు ఆ దేశమును జయింపకమునుపు అచ్చటి అజ్టెకు ప్రభువులు మొక్కజొన్న, చిక్కుళ్లతోపాటు ఈ గింజలను గూడ పన్నుగ గైకొనెడివారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు దీని సాగును మన దేశమున ప్రచారము చేయుటచే ఇప్పుడు కర్ణాటకమున రైతులు దీనిని పండించుచున్నారు. సబ్జా యనునది రుద్రజడ మొక్క గింజ. సుగంధి షర్బత్తులో తేలుచు, నల్లని కంటిపాప చుట్టు తెల్లని పొర కట్టినట్లు కనబడునది ఇదియే. రెండును తులసి కుటుంబమునకు చెందినవి. రెండును నీటిని పీల్చి జిగురు కట్టునవి. అంతమాత్రమున రెండును ఒకటి కావు. అంగళ్లలో ఒకదానికి బదులు మఱియొకటి ఇచ్చుటయు కలదు గనుక గుర్తు తెలిసికొనుట మంచిది. సబ్జా మసినలుపు, ఒకే రంగు. చియా గింజపై బూడిదరంగు, గోధుమరంగు, తెలుపు కలసి పాలరాతి చారలవలె నుండును. గిన్నెడు నీటిలో చిటికెడు వేసి చూచినచో సందేహము తీరును: సబ్జా పదినిమిషములలోపలనే ఉబ్బి గింజకు గింజ విడిగా నిలుచును, చియా మెల్లగ నాని, ఒకదానితో నొకటి అంటుకొని, తనచుట్టునున్న ద్రవమునంతయు చిక్కబఱచును. పాలు గరిటెజాఱుగ గట్టిపడవలెనన్న చియాయే తగును. సబ్జా షర్బత్తునకు తగినట్లు పాయసమునకు తగదు. దానితో చేయదగినది వేఱుగ నొకటి కలదు, తరువాత చెప్పెదము.

ఇక ధర విషయము. చియా సర్వరోగనివారిణి యని ప్రకటనలలో చదివి కొనువారు పెక్కుమంది. నూఱు గ్రాముల చియాలో సుమారు 34 గ్రాముల పీచుపదార్థమును, 17 గ్రాముల మాంసకృత్తులును, 630 మిల్లీగ్రాముల కాల్షియమును ఉండును. ఇది మంచి ఆహారమే, కాదనము. కాని పొట్టు తీయని మన నువ్వులలో కాల్షియము ఇంతకంటె ఎక్కువ. చియాయందు గొప్పగ చెప్పుకొను ఒమేగా కొవ్వు మన అవిసెగింజలలో ఇంకను అధికము. నువ్వులుండయు అవిసెపొడియు తిను ఇంటివారు చియా లేదని చింతింప పనిలేదు. దీనికి గల ప్రత్యేకత పీచుపదార్థమును, నిప్పు లేకుండ పాలను గట్టిపఱచు గుణమును. ఆ గుణమునకై నెలకొక చిన్న పొట్లము కొనిన చాలును. బీరువా నిండ కొని దాచినచో వేసవివేడికి అందలి నూనె చెడి కారువాసన వచ్చును.

చేయు విధము. ఉదయము కాఫీకై కాచిన పాలలోనుండియే ఒక పెద్ద గ్లాసెడు, అనగా 250 మిల్లీలీటర్లు, తీసి మూతపెట్టి చల్లార్చుకొనవలెను. దీనికై వేఱుగ పొయ్యి వెలిగింప నక్కఱలేదు. గేదెపాలయినచో మీగడను తీసివైచుటకంటె చిలికి కలుపుటయే మేలు, రుచి హెచ్చును. పాలు పూర్తిగ చల్లారిన పిదప మూడు పెద్దచెంచాల చియా గింజలను చల్లుచు కలుపవలెను. ఒక్కచోట కుమ్మరించినచో ఉండ కట్టును. పదినిమిషములు ఆగి మరల బాగుగ కలుపవలెను. ఈ రెండవ కలుపుటను మఱచినవారికి అడుగున గడ్డయు పైన పాలును మిగులును. ఆ నెపమును గింజలపై వేయుట తగదు. పిదప మూతపెట్టి శీతలపెట్టెలో నాలుగు గంటలు, వీలయినచో రాత్రియంతయు ఉంచవలెను. గింజలు తమ బరువునకు ఇంచుమించు పదిరెట్లు ద్రవమును పీల్చును గనుక మఱునాటికి గరిటె నిలుచునంత చిక్కనగును. ఇది ఇద్దఱికి చాలును.

తీపికి పంచదారకంటె బెల్లము రుచి. బెల్లమునందు ఇసుకయు నలుసులును ఉండును గావున కాచి చల్లార్చిన నీటిలో కరగించి, పలుచని నూలుగుడ్డతో వడియగట్టి పోయవలెను. వేడిపాలలో బెల్లము వేసిన విఱుగుట అందఱు నెఱిగినదే. ఇచ్చట పాలు చల్లనివి గనుక ఆ భయము లేదు. మామిడిపండు తీయనిదయినచో బెల్లమే వద్దు. ఒక ఏలకికాయ పొడి చాలును. దీనిలో వెనిల్లా మున్నగు సీసాల సువాసనలు పోయుట మా కిష్టము లేదు. బంగినపల్లిని దగ్గఱ నుంచుకొని సీసా వాసన వెదకుట యేల?

పండ్ల విషయమున మన సీమ బీదది కాదు. ఒంగోలునకు దక్షిణమున ఉలవపాడు మామిడిపండ్లకు పేరుపడినది. కృష్ణ కావలనుండి నూజివీడు రసములు వచ్చును. కొల్లిపర, కొల్లూరు ప్రాంతపు లంకలలో అరటి సంవత్సరము పొడుగునను దొఱకును. రసమును పిండి పుడ్డింగులో కలుపవచ్చును; బంగినపల్లినయినచో ముక్కలు కోసి పైన వేయుట చూపునకును నోటికిని బాగుండును. మామిడిపండ్లను కోయుటకు ముందు ఒక గంట నీటిలో నానవేయు మన అలవాటును విడువరాదు, తొడిమవద్దనుండు జీడి పెదవులకు తగిలినచో పొక్కును. కార్బైడుతో మగ్గవేయుట మన దేశమున నిషిద్ధము. అయినను జరుగుచునే యున్నది. పైతోలు అంతటను ఒకేరీతి పసుపై, లోపల పులుపుగ, వాసన లేకయున్న కాయను అనుమానింపుడు. సపోటా చక్కగ కలియును. అరటిపండు నల్లబడును గనుక తినుటకు ముందే కోయవలెను.

బొప్పాయిని, అనాసను మాత్రము పాలతో కలిపి నానబెట్టరాదు. ఆ రెంటియందును మాంసకృత్తులను విఱుగగొట్టు ద్రవ్యములు కలవు. పచ్చి బొప్పాయిముక్క వేసినచో గట్టి మాంసము మెత్తబడుననుట మాంసాహారుల యిండ్లలో అందఱికిని తెలిసినదే. అదే గుణము పాలమీదను పనిచేయును. రాత్రి కలిపి యుంచినచో ఉదయమునకు చేదెక్కి నీరు విడుచును. ఆ పండ్లు వేయదలచినవారు గిన్నెలో వడ్డించిన పిదప పైన వేసికొని వెంటనే తినవలెను. లేదా పాలకు బదులు కొబ్బరిపాలు వాడవలెను.

ఇక ముఖ్యమైన మాటకు వచ్చితిమి. వంటలో అగ్ని రెండు పనులు చేయును. వస్తువును ఉడికించుటయే గాక, కంటికి కనబడని క్రిములను చంపును. పొయ్యిని మానినచో మొదటిపని నీరు చేయును గాని, రెండవపని చేయువారెవ్వరు? మనమే చేయవలెను. ఉడికించిన పాయసములో చేతిమురికి కొంత పడినను మరుగులో నశించునేమో గాని, ఇందులో పడినది పడినట్లే యుండి, రాత్రియంతయు పెరుగును. కావున పాలు కాచినవే కావలెను. నీరు కాచి చల్లార్చినదే కావలెను. గిన్నెను, చెంచాను, మూతను మరుగునీటితో కడిగి ఆఱబెట్టవలెను. పండ్లను కోయుటకు ముందే తోలుతో కడుగవలెను. కడుగని పండును కోసినచో కత్తితోపాటు తోలుమీది మురికియు లోనికి పోవును. గింజలలో మట్టిబెడ్డలున్నవేమో పళ్లెములో పోసి చూచుకొనవలెను. ఇవన్నియు చాదస్తములని నవ్వువారు పొయ్యి వెలిగించి సేమ్యాపాయసము చేసికొనుటయే క్షేమము.

చేతులు కడుగుట యన్నప్పుడు మన మిరపసీమవారికి ప్రత్యేకముగ చెప్పవలసిన దొకటి కలదు. పగలంతయు మిరపపండ్లు కోసియో, కల్లములో తాలుకాయ ఏఱియో, ఇంట ఆవకాయకు కారము కలిపియో వచ్చిన చేతులను నీటితో ఎంత కడిగినను మంట పోదు. మిరపలోని ఘాటుపదార్థము నీటిలో కరగదు, నూనెలో కరగును. అట్టి చేతితో మామిడిపండు కోసి బిడ్డకు పెట్టినచో పండు తీపి బిడ్డకు తెలియదు; ఏడ్పు మనకు తెలియును. ఆ బిడ్డ అదే చేతితో కన్ను నులుముకొనినచో ఇంక చెప్పనక్కఱలేదు. మొదట చేతులకు వేరుసెనగనూనెయో కొబ్బరినూనెయో వేళ్లసందులకును, గోళ్లక్రిందికిని పోవునట్లు బాగుగ రుద్దుకొని, పాతగుడ్డతో తుడిచి, పిదప సబ్బుతో కడుగవలెను. అవసరమయినచో మరల నొకసారి చేయవలెను. కత్తిపీటకును ఇదే విధి. కారము పట్టిన మిక్సీ గిన్నెలో మామిడిరసము తీయరాదు; అడుగునున్న రబ్బరుచుట్టలో దాగిన కారము ఎన్నిమార్లు కడిగినను వాసన విడువదు. తీపిపదార్థములకు చిన్నగిన్నె నొకదానిని వేఱుగ నుంచుకొనుట వివేకము.

ఘాటు గూర్చి మఱియొక మాట. భోజనమున క్రొత్త ఆవకాయ తిని నోరు మండినవారు నీళ్లు త్రాగుట వ్యర్థము. పాలలోని మాంసకృత్తు ఆ ఘాటును పట్టి తొలగించును. ఆవకాయ భోజనానంతరము ఈ చల్లని పుడ్డింగు రెండు చెంచాలు పుచ్చుకొనినవారి సుఖమును మేము వర్ణింపము, చేసి చూడుడు.

శీతలపెట్టె లేని యిండ్లును, ఉన్నను విద్యుత్తు నిలువని పల్లెలును ఇంకను కలవు. అట్టిచోట పాలలో రాత్రియంతయు నానబెట్టుట యెంతమాత్రమును కూడదు. గదివేడిమి 32 డిగ్రీలు దాటినపుడు చెడిపోవు స్వభావముగల పదార్థములను ఒక గంటకు మించి బయట నుంచరాదని ఆహారరక్షణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన వేసవిలో అర్ధరాత్రమునను వంటయిల్లు ఆ వేడికి తగ్గదు. తడిగుడ్డ చుట్టిన క్రొత్తకుండ నీటిని చల్లబఱచునే గాని పాలను రాత్రియంతయు కాపాడజాలదు. వారు చేయవలసిన దేమనగా, తినుటకు రెండుగంటల ముందు చియాను కాచి చల్లార్చిన నీటిలో, పాలకు చెప్పిన కొలతలో సగము నీటిలో, నానబెట్టి రెండుసార్లు కలుపుచుండవలెను. అది ముద్దగట్టిన పిదప అప్పుడే తోడుకొన్న కమ్మని పెరుగును, పండుముక్కలను కలిపి వెంటనే తినవలెను. రుచియందు ఇది పాలపుడ్డింగునకు తీసిపోదు. కొందఱికి పులుపుతీపుల కలయికవలన ఇదియే నచ్చును.

గింజలను పొడిగా నోట వేసికొని నీరు త్రాగుట ప్రమాదకరము. 2014లో అమెరికాలోని వైద్యులు ఒక ఉదంతమును ప్రకటించిరి: ఒక వ్యక్తి చెంచాడు పొడి చియా మ్రింగి వెంటనే గ్లాసెడు నీరు త్రాగగా, అవి అన్ననాళముననే ఉబ్బి అడ్డుపడినవి, వైద్యులు గొట్టము దింపి తొలగింపవలసి వచ్చినది. పూర్తిగ నానినదియే తినవలెను. శిశువులకు ఇది తగదు. మ్రింగుటకు కష్టపడు వృద్ధులకును పెట్టరాదు. మొదటిసారి తినువారు కొద్దిగనే తినవలెను. అలవాటులేని పీచుపదార్థము ఒక్కసారి కడుపులో పడినచో ఉబ్బరము పుట్టును. తిన్ననాడు మంచినీరు ఎక్కువగ త్రాగవలెను. మధుమేహమునకును, రక్తపోటునకును, రక్తము పలుచబడుటకును మందులు పుచ్చుకొనువారు నిత్యము తినదలచినచో వైద్యుని అడిగి తినుట మంచిది. చలువచేయునని పేరున్నంతమాత్రమున వడదెబ్బ తగిలినవారికి దీనిని పెట్టి కూర్చుండరాదు. స్పృహ తప్పిన మనిషినోట ఏదియు పోయక, నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిని తడిపి విసరుచు వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

సబ్జాతో చేయదగినది యొకటి కలదంటిమి. బాపట్ల తీరమునుండి ముంజెలు వచ్చు చైత్రవైశాఖములలో ఇది మాకు చియాకంటె ప్రియము. లేతముంజెల పైపొరను గోటితో వలిచి, లోని నీరు పోకుండ గిన్నెలోనే ముక్కలు చేయవలెను. ఒక కొబ్బరిచిప్ప తురుమును కాచి చల్లార్చిన నీటితో రుబ్బి, శుభ్రమైన నూలుగుడ్డలో వేసి పాలు పిండవలెను. రెండు చిన్నచెంచాల సబ్జాను పావుగంట నీటిలో నానవేసి, మిగిలిన నీటిని వంచివేసి, కొబ్బరిపాలలో కలిపి, వడియగట్టిన తాటిబెల్లపు నీరు తగినంత పోసి ముంజెముక్కలు వేయవలెను. ఇది గట్టిపడదు, గ్లాసులో పోసికొని చెంచాతో తినుచు త్రాగవలెను. కొబ్బరిపాలు ఎండకు త్వరగ పులియును గావున ఇంటిల్లిపాదియు కూర్చున్న పిదపనే కలుపుట మేలు. పాలతో చేసిన చియాపుడ్డింగు పండ్లు కలుపకుండ శీతలపెట్టెలో నుంచినచో మఱునాటివఱకును బాగుండును. పండ్లు కలిపినదానిని ఆ పూటనే ముగింపవలెను.